పాత తుపాకీ జాతకం

కోల్‌కతా మహానగరానికి తూర్పున, ఒకప్పుడు వరి పొలాలూ చేపల చెరువులూ పరచుకొని ఉన్న రాజార్‌హాట్ నేల మీద న్యూ టౌన్ అనే కొత్త పట్టణం వెలసినది. అక్కడి మేడలలో చాలావాటి వయస్సు పాతికేళ్ళకు మించదు. కాని వాటిలోకి చేరే సామానంతా కొత్తది కాదు. ఉత్తర కలకత్తాలో ఉమ్మడి కుటుంబాల పాత భవనాలు పంపకాలకు వచ్చినప్పుడల్లా టేకు బీరువాలు, గోడ గడియారాలు, రేకు పెట్టెలు వేలం గదులకు తరలిపోతాయి. అక్కడి నుండి కొత్త ఇళ్ళకు ప్రయాణం కడతాయి.

అటువంటి ఇంటిలో ఒక దృశ్యాన్ని ఊహించుకోవచ్చును. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో జీవితమంతా పనిచేసి విశ్రాంతి పొందిన తెలుగు పెద్దమనిషి ఒకాయన వేలంలో ఒక పొడవాటి పాత పెట్టెను కొన్నారు. ఇంటికి తెచ్చి మూత తెరిస్తే చిరిగిన తివాచీల క్రింద, గోనెగుడ్డలో చుట్టిన బరువైన వస్తువు ఒకటి కనబడినది. విప్పి చూచారు. అది రైఫిలు. ఇనుము మీద గోధుమరంగు తుప్పు, చెక్క మీద తరాల నాటి నూనె మరకలు.

"ఏమండీ, ఇది ఎవరిదో ఏమో! మన ఇంట్లో ఎందుకు?" అన్నది ఇల్లాలు. విదేశాలలో ఇటువంటివి లక్షల ధర పలుకుతాయన్నాడు పొరుగాయన. శుభ్రంగా రుద్ది వార్నిష్ పూసి హాలులో గోడకు తగిలిస్తే ఎంతో అందంగా ఉంటుందని టెలిఫోనులో కొడుకు సలహా చెప్పాడు. పెద్దమనిషి అప్పటికే ఉప్పుకాగితం తెచ్చుకొని కూర్చున్నారు.

ఆ కాగితం ఆ ఇనుమును తాకడానికి ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నవి.

మొదటి నియమం

పాత తుపాకీ ఖాళీ తుపాకీ అని ఎన్నడూ అనుకోరాదు. ఏనాడో ఎవరో పెట్టి మరచిపోయిన తూటా అందులో ఉండవచ్చును. అందుచేత మీట నొక్కి చూడడం, బోల్టు లాగి చూడడం, పిల్లల చేతికి ఇవ్వడం కూడదు. గొట్టం మూతి మనుష్యుల వైపు లేకుండా దానిని ఒకచోట కదలకుండా ఉంచి, తలుపు మూసి, ఉన్నది ఉన్నట్లుగా చూడడమే చేయవలసిన పని. పాత ఆయుధాన్ని గుర్తించడానికి కావలసిన సాధనాలు మూడే: మంచి వెలుతురు, ఒక భూతద్దం, కాగితమూ కలమూ.

గుర్తులు ఎక్కడ ఉంటాయి?

మన దేశంలో ఇటువంటి పెట్టెలలో కనబడే సైనిక రైఫిలు లీ-ఎన్‌ఫీల్డ్ కావడానికే ఎక్కువ అవకాశం. "త్రీ నాట్ త్రీ" అనే పేరుతో ఇది తెలుగువారికి చిరపరిచితం. పోలీసు స్టేషను గుమ్మంలో సెంట్రీ భుజాన, బ్యాంకు వాకిట, ఎన్నికల బూతుల వద్ద కొన్ని తరాలవారు దీనిని చూచారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి 2020 జనవరి 26న, గణతంత్ర దినోత్సవ కవాతులో వీడ్కోలు చెప్పారంటే ఎంతకాలం కొలువు చేసినదో ఊహించవచ్చును.

దీని పేరులో ఒక మనిషీ ఒక ఊరూ కలిసి ఉన్నవి. స్కాట్లాండులో పుట్టి ఉత్తర అమెరికాలో స్థిరపడిన జేమ్స్ పారిస్ లీ అనే ఆయన దీని బోల్టునూ మ్యాగజైనునూ రూపొందించాడు. లండన్ సమీపాన ఎన్‌ఫీల్డ్ అనే చోట బ్రిటిష్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఉండేది. 303 అనే అంకె గొట్టం లోపలి వ్యాసాన్ని, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన, తెలుపుతుంది.

ఎన్‌ఫీల్డ్ అన్న పేరు చూడగానే 1857 తిరుగుబాటు నాటి తుపాకీ అని పొంగిపోవడం ఒక సామాన్యమైన పొరపాటు. న్యూ టౌన్‌కు పొరుగున ఉన్న డమ్‌డమ్‌లోనే ఆ ఏడాది జనవరిలో, కొవ్వు పూసిన తూటాలను గురించిన వదంతి మొదట పొక్కినది. ఆనాటి ఎన్‌ఫీల్డ్ 1853 నాటి నమూనా. దానికి బోల్టు లేదు, మ్యాగజైను లేదు. మందునూ గుండునూ గొట్టం మూతి నుండి పోసి కడ్డీతో కూరవలసి ఉండేది. పెట్టెలోని తుపాకీకి బోల్టూ, పది తూటాలు పట్టే మ్యాగజైనూ ఉంటే అది మంగళ్ పాండే కాలానికి చెందినది కాదని నిస్సంశయంగా చెప్పవచ్చును.

చూడవలసిన మొదటి చోటు, చెక్క మడమ వచ్చి ఇనుముతో కలిసే మెడ. అక్కడ కుడి ప్రక్కన ఉక్కు మీద వరుసగా ముద్రలు కొట్టి ఉంటాయి. పైన కిరీటం, దాని క్రింద రాజు పేరు పొడి అక్షరాలు, ఆ క్రింద కర్మాగారం పేరు, సంవత్సరం, చివర నమూనా పేరు. ఈ అయిదింటిని చదువగలిగితే తుపాకీ జాతకం సగం తెలిసినట్లే.

కర్మాగారం పేరు చోట ఎన్‌ఫీల్డ్ అని ఉండవచ్చును. బర్మింగ్‌హామ్‌కు చెందిన బి.ఎస్.ఎ. కంపెనీ పేరు ఉండవచ్చును. ఆస్ట్రేలియాలోని లిత్గో అనీ ఉండవచ్చును. మన దేశంలో తయారైనదైతే ఇషాపూర్ అని ఉంటుంది. ఈ ఇషాపూర్ న్యూ టౌన్‌కు దూరదేశం కాదు. కోల్‌కతాకు ఉత్తరంగా, హుగ్లీ నది ఒడ్డున ఉన్నది. ఈస్టిండియా కంపెనీ 1787లో అక్కడ తుపాకిమందు కర్మాగారాన్ని స్థాపించినది. ఆ స్థలంలోనే ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో రైఫిలు ఫ్యాక్టరీ వచ్చినది. 2021 అక్టోబరు 1న దేశంలోని ఆయుధ కర్మాగారాలను ఏడు ప్రభుత్వ సంస్థలుగా విభజించినప్పుడు ఇషాపూర్ ఫ్యాక్టరీ, కాన్పూరు కేంద్రంగా ఉన్న సంస్థలో భాగమైనది.

ఇషాపూర్ రైఫిలు మీద కిరీటం క్రింద జి.ఆర్.ఐ. అనే అక్షరాలు ఉంటే అవి "జార్జి, రాజు, చక్రవర్తి" అనే అర్థమిచ్చే లాటిన్ మాటల పొడి అక్షరాలు. స్వాతంత్ర్యం తరువాత కిరీటం తొలగి, దాని స్థానంలో అశోకుని సింహాలు వచ్చినవి. ఒకే యంత్రాల మీద తయారైన ఒకే రకం తుపాకీలో దేశం చేతులు మారిన వైనం బొటనవ్రేలంత చోటులో కనబడుతుంది. నమూనా పేరులో మార్క్ 3 ప్రక్కన చిన్న నక్షత్రం ఉంటే, మొదటి ప్రపంచయుద్ధంలో తయారీని వేగిరపరచడానికి కొన్ని భాగాలను తగ్గించి చేసిన రకం అని గ్రహించవలెను.

మ్యాగజైను అడుగు భాగం ఏటవాలుగా కాక చతురస్రంగా, పెట్టెవలె ఉన్నదా? అయితే అది మరొక సంతానం. 1962 చైనా యుద్ధం తరువాత ఇషాపూర్ ఇంజనీర్లు అదే పాత ఆకృతిని మేలైన ఉక్కుతో, 7.62 మిల్లీమీటర్ల తూటాకు అనువుగా మలచారు. 2ఎ, 2ఎ1 అనే పేర్లతో అవి వెలువడినవి. చూపుకు ప్రపంచయుద్ధాల నాటిదిగా కనబడే ఈ రైఫిలు నిజానికి స్వతంత్ర భారతదేశపు బిడ్డ.

ఇంకొక రకం మరీ విచిత్రమైనది. పాత 303 రైఫిళ్ళ గొట్టాల లోపలి మెలిక గాడులను తొలగించి, నునుపైన 410 బోరు మస్కెట్లుగా మార్చి, ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పట్టేటట్లు చేసి పోలీసులకూ కాపలాదారులకూ ఇచ్చేవారు. తుపాకీ పరుల చేతిలో పడినా సైన్యం తూటా అందులో పనిచేయరాదన్నది దాని ఉద్దేశం. ఇక డి.పి. అనే అక్షరాలు కొట్టి ఉంటే అది కవాతు నేర్పడానికి మాత్రమే కేటాయించినది. కాల్చడానికి తగదని సైన్యమే త్రోసివేసినది.

అబద్ధం చెప్పే ముద్రలు

ముద్రలన్నీ నిజం చెప్పవు. కైబరు కనుమ ప్రాంతాలలో, ముఖ్యంగా దర్రా ఆదమ్ ఖేల్ అనే ఊరిలో, చేతిపనివారు చిన్న చిన్న కొలుములలో బ్రిటిష్ రైఫిళ్ళకు నకళ్ళు తరతరాలుగా తయారుచేశారు. పనితనం గొప్పదే గాని, ఇంగ్లీషు అక్షరాలు రానివారి చేతిలో ముద్రలు తప్పులు పోయేవి. అక్షరం తలక్రిందులు కావడం, ఎన్ అక్షరం అద్దంలో చూచినట్లు తిరగబడడం సాధారణం. మరొక తప్పు ఇంకా స్పష్టమైనది. విక్టోరియా రాణి 1901 జనవరిలో మరణించినది. పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్ ఆ తరువాతనే పుట్టినది. దాని మీద రాణి పేరు అక్షరాలు ఉండి, క్రింద 1910 అని సంవత్సరం కనబడితే అది నకలు అని చెప్పడానికి నిపుణుడు అక్కరలేదు. అటువంటి తుపాకీని కాల్చడం ప్రాణాపాయం. ఆ ఉక్కు నాణ్యతకు పూచీ పడేవారు ఎవరూ లేరు.

అంకె చేసే పని

నమూనా తెలిసిన తరువాత చూడవలసినది సంఖ్య. లీ-ఎన్‌ఫీల్డ్‌లో ఒకే సంఖ్య గొట్టం మొదట, బోల్టు పిడి మీద, మరికొన్ని భాగాల మీద తిరిగి తిరిగి కనబడుతుంది. అన్నిచోట్లా ఒకే సంఖ్య ఉంటే తుపాకీ కర్మాగారం నుండి వచ్చిన రూపంలోనే ఉన్నదని అర్థం. బోల్టు మీది అంకె వేరైతే అది ఎక్కడో, ఏనాడో మార్పుచెందినది. సేకర్తల దృష్టిలో విలువ అక్కడే తగ్గుతుంది.

కాని ఆ అంకెకు ఇంతకంటె పెద్ద ప్రయోజనం ఉన్నది. దానిని కలకత్తా నగరమే ఒకప్పుడు లోకానికి చూపినది. 1914 ఆగస్టు 26న రాడా అనే తుపాకుల కంపెనీకి ఓడలో వచ్చిన 202 పెట్టెలలో 192 మాత్రమే గిడ్డంగికి చేరినవి. మిగిలిన పదింటిని ఆ కంపెనీ ఉద్యోగి శ్రీశచంద్ర మిత్ర సహాయంతో విప్లవకారులు ఎడ్లబండి మీద దాటించారు. వాటిలో 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు ఉన్నవి. ప్రతి పిస్తోలు మీదా సంఖ్య ఉన్నది. ఆ సంఖ్యల పట్టిక కంపెనీ వద్ద ఉన్నది. తరువాతి సంవత్సరాలలో బెంగాలులో ఎక్కడ పిస్తోలు చిక్కినా పోలీసులు ఆ పట్టికతో సరిచూచుకొనేవారు. 1918లో రౌలట్ అధ్యక్షతన వెలువడిన నివేదిక నాటికి 50లో 31 ఈ విధంగా తిరిగి దొరికినవి.

తెలుగునాట కూడ తుపాకీ, లెక్క జంటగా నడచిన సందర్భం ఉన్నది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా మూడు రోజులు దాడిచేసి 26 తుపాకులను, 2,500కు పైగా తూటాలను తీసుకొని పోయినప్పుడు, ఏమేమి తీసుకొన్నదీ స్టేషను రికార్డులలో వ్రాసి సంతకం చేసిన సంగతి మన్యంలో నేటికీ చెప్పుకొంటారు. పట్టుకొన్నవాడైనా పోగొట్టుకొన్నవాడైనా తుపాకీకి లెక్క చెప్పవలసినదే.

ఇప్పుడు ఉప్పుకాగితం సంగతి తేటపడుతుంది. తుప్పుతో పాటు అది ముద్రలనూ సంఖ్యలనూ తినివేస్తుంది. చరిత్ర పోతుంది, విలువ పోతుంది. అంతటితో ఆగదు. 1959 నాటి ఆయుధాల చట్టం 8వ సెక్షను ప్రకారం తుపాకీ మీది పేరును గాని, సంఖ్యను గాని, గుర్తును గాని చెరిపివేయడమే నేరం. గోడకు అందంగా తగిలించాలనుకొన్న అమాయకుడు, దొంగ తుపాకీ ఆనవాలు మాపినవానితో సమానంగా కనబడే ప్రమాదం ఉన్నది.

ఇది ఎవరి సొత్తు?

పెద్దమనిషి వేలంలో డబ్బిచ్చి కొన్నది పెట్టెనే గాని రైఫిలును కాదు. లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉండడం చట్టరీత్యా నేరం. 2019 సవరణ తరువాత సామాన్యమైన తుపాకీకి శిక్ష రెండేళ్ళ నుండి అయిదేళ్ళ వరకు ఉండవచ్చును. నిషిద్ధ ఆయుధమైతే ఏడేళ్ళ నుండి పధ్నాలుగేళ్ళ వరకు. 303, 7.62 తూటాలు సైన్యానివి కనుక వాటిని పేల్చే రైఫిళ్ళను ప్రభుత్వం సామాన్య పౌరుల అందుబాటులో ఉంచలేదు. ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరుల కోసం అదే పోలికలో 315 బోరు రైఫిలును వేరుగా తయారుచేయడానికి కారణం ఇదే. కనుక భూతద్దంలో కనబడిన అంకె కేవలం చరిత్ర ప్రశ్నకు జవాబు కాదు. శిక్ష ఎంత అనే ప్రశ్నకూ జవాబు.

పురాతన వస్తువులకు మినహాయింపు లేదా? ఉన్నది. కాలం చెల్లిన నమూనా గాని, పురాతన విలువ గలది గాని, పాడైపోయినది గాని అయి, మరమ్మతు చేసినా చేయకున్నా తుపాకీగా ఉపయోగించడానికి వీలులేని ఆయుధానికి చట్టం వర్తించదని 45వ సెక్షను చెబుతున్నది. చాలామంది ఈ వాక్యంలో మొదటి సగాన్నే చదువుతారు. పాతదైనంత మాత్రాన చాలదు. మరమ్మతు చేసినా పేలనిదై ఉండవలెను. నూరేళ్ళ నాటి లీ-ఎన్‌ఫీల్డ్ తుప్పు వదిలిస్తే నేటికీ పేలవచ్చును. పేలుతుందో పేలదో తేల్చవలసినది ఆయుధ నిపుణులే తప్ప ఇంటి యజమాని కాదు.

మరి తెలియక కొన్నవాని గతి ఏమిటి? 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆయుధం కలిగి ఉండడం నేరం కావాలంటే అది తన వద్ద ఉన్నదన్న ఎరుక ఉండవలెనని చెప్పినది. పెట్టె మూత తెరిచే వరకు పెద్దమనిషికి ఆ ఎరుక లేదు. గోనెగుడ్డ విప్పిన క్షణం నుండి ఉన్నది. ఆ క్షణం తరువాత ఆయన ఏమి చేశారన్నదే ముఖ్యం. నాలుగు రోజులు తటపటాయించి మంచం క్రింద దాచడానికీ, వెంటనే పోలీసు స్టేషనుకు కబురు చేయడానికీ మధ్య ఎంతో అంతరం ఉన్నది. తుపాకీని భుజాన వేసుకొని తానే బయలుదేరడం మంచిది కాదు. ఉన్నచోటనే ఉంచి, వేలం రసీదు సిద్ధం చేసుకొని, పోలీసులనే పిలవడం మేలు. పిలిచిన తేదీ, సమయం వ్రాసి ఉంచుకోవలెను. వీలైతే న్యాయవాదిని సంప్రదించవలెను.

ఇంతకూ విలువ ఎంత?

పొరుగాయన చెప్పిన లక్షల మాట పూర్తిగా అబద్ధం కాదు. పాత సైనిక రైఫిళ్ళకు విదేశాలలో సేకర్తలు ఉన్నారు. 2003 ప్రాంతంలో నేపాల్ రాజధాని ఖాట్మండూలోని లగన్ సిలేఖానా అనే పాత ఆయుధాగారంలో పేరుకొని ఉన్న యాభై వేలకు పైగా తుపాకులను ప్రభుత్వమే అమెరికన్ వ్యాపారులకు అమ్మినది. దుమ్ము కొట్టుకుపోయిన ఆ రాసిలో సేకర్తలు వెదకినది మెరుపును కాదు. ముద్రలను, అంకెలను, చెక్క మీద చెక్కిన పలటన్ల పేర్లను.

కాని ఆ ధరలు ఆ దేశాల చట్టాలకు లోబడి పలికే ధరలు. మన దేశంలో లైసెన్సు గల మనిషే లైసెన్సు గల మరొకరికి, అధికారులకు ముందుగా తెలిపి అమ్మవలెను. ఎగుమతి చేయవచ్చుననుకొంటే అదీ కుదరదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక ప్రాముఖ్యం ఉండి నూరేళ్ళు నిండిన వస్తువును వ్యక్తులు దేశం దాటించరాదు. రైఫిలు మీద 1917 అని ఉంటే దానికి 2017 నాటికే నూరేళ్ళు నిండినవి. పైగా ఇషాపూర్ రైఫిళ్ళు పెద్ద సంఖ్యలో తయారైనవి. సామాన్యంగా అరుదైనవి కావు. ఏ పలటనుకు చెందినదో, ఎవరి చేతిలో నడచినదో తెలిపే ఆనవాలు ఉంటే తప్ప దానికి ప్రత్యేకత రాదు. ఆ ఆనవాలు ఉన్న తుపాకీకి తగిన చోటు ప్రదర్శనశాల. కోల్‌కతాలో ఆచార్య ప్రఫుల్లచంద్ర రోడ్డులోని పోలీసు మ్యూజియంలో విప్లవకారుల నుండి స్వాధీనమైన ఆయుధాలు ఉన్నవి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాలకు ఒక గది ప్రత్యేకంగా ఉన్నది. అక్కడ తుపాకీ ఎవరినీ భయపెట్టదు, ఎవరినీ చెరసాలకు పంపదు.

న్యూ టౌన్‌లోని పెద్దమనిషి ఏమి చేయవలెనో ఇప్పుడు ఊహించడం కష్టం కాదు. ఉప్పుకాగితాన్ని ప్రక్కన పెట్టి భూతద్దం అందుకొన్నారు. మెడ దగ్గర కిరీటం, జి.ఆర్.ఐ., ఇషాపూర్, 1917. రైల్వే వర్క్‌షాపులో నలభై ఏళ్ళు చక్రాల మీద, ఇరుసుల మీద సంఖ్యలు చదివిన కళ్ళవి. తుప్పు క్రింది అంకెను పోల్చుకోవడానికి వాటికి ఎంతోసేపు పట్టలేదు. కాగితం మీద సంఖ్య వ్రాసుకొని, గది తలుపు గొళ్ళెం పెట్టి, పోలీసు స్టేషనుకు ఫోను చేశారు.

సాయంకాలం వచ్చిన సబిన్‌స్పెక్టరు తన రిజిస్టరులో ఎక్కించిన సంఖ్య, పెద్దమనిషి కాగితం మీది సంఖ్య ఒక్కటే. ఆయన రసీదు అడిగి పుచ్చుకొన్నారు. పెట్టెలో ఇల్లాలు శీతకాలపు రగ్గులు సర్దినది. ఆ రసీదు మాత్రం మూత లోపలి వైపు అంటించి ఉన్నది.